నాయిన ఎకోకు తయారైన తీరు

నాకు అనుమానం ఎక్కువ. మా ఇంట్లో అందరూ అనే మాటే ఇది, నేనూ కాదనను. వికారాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్తాను. పరీక్ష జరుగుతుంటే అటూ ఇటూ చూసే పిల్లల్ని పట్టించుకోను, తల వంచుకుని బుద్ధిగా రాస్తున్నవాడి దగ్గరికే ముందు పోతాను. చాలాసార్లు ఏమీ దొరకదు. దొరికిన రోజు మాత్రం ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తింటాను. కూరగాయలామె అడగకుండానే గుప్పెడు మిరపకాయలు కొసరేసిందంటే వంకాయల్లో పుచ్చులున్నాయని లెక్క. ఇంటికి రాగానే అన్నీ కోసి చూస్తాను.

అందుకే నాయినకు గుండెపోటు వచ్చిందని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు కూడా నా నోట్లోంచి ముందు వచ్చింది ఏడుపు కాదు.

"తాండూరుకెందుకు తీస్కపోయినవ్‌రా?" అని అడిగాను.

మా ఊరు కోట్‌పల్లి పక్కన. అక్కడి నుంచి వికారాబాద్ ఎంతో తాండూరూ ఇంచుమించు అంతే. వికారాబాద్‌లో కన్నబిడ్డను నేనున్నాను, నా ఇంటికి దగ్గర్లోనే ఆసుపత్రి ఉంది. అదంతా వదిలేసి వాడు నాయినను ఆటోలో వేసుకుని తాండూరు పోయాడు.

"ఆటో గా దిక్కే తిరిగి ఉండె అక్కా. తిప్పనీకె టైమేడిది?" అన్నాడు.

నేను నమ్మలేదు. తమ్ముడు తాండూరు పక్కన కరణ్‌కోటలో సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తాడు. ఊరి నుంచి రోజూ బండి మీద పోయొస్తాడు. తాండూరులో వాడికి తెలిసినవాళ్లు మస్తుమంది. తెలిసినవాళ్లున్న చోట మనిషి తనకు కావలసిన మాట చెప్పించుకోగలడు. ఏం మాట చెప్పించుకుంటాడో అప్పటికింకా నాకు అంతు చిక్కలేదు. బస్సులో దారి పొడుగునా అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. ధారూర్ దాటాక గానీ నాయిన చచ్చిపోవచ్చన్న సంగతి నాకు తట్టలేదు. తట్టాక కిటికీ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

నేను పోయేసరికి నాయినను ఎడమ పక్కకు ఒత్తిగిల పడుకోబెట్టి టూడీ ఎకో తీస్తున్నారు. పరదా సందులోంచి చూశాను. ఛాతీ నిండా జిగట జెల్లు. సబ్బుబిళ్లంత ఉన్న పరికరాన్ని డాక్టరు పక్కటెముకల మధ్య ఒత్తిపట్టి మెల్లగా తిప్పుతున్నాడు. పక్కనున్న తెర మీద విసనకర్ర ఆకారంలో ఒక వెలుగు, ఆ వెలుగులో బూడిదరంగు గోడలు ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉన్నాయి. అదే మీ నాయిన గుండె అని నర్సు చెప్పింది. పొద్దంతా గొర్ల వెంట గుట్టలెక్కి దిగే మనిషి గుండె కదా, ఎంతో పెద్దగా ఉంటుందనుకున్నాను. మామూలుగానే ఉంది. ఒక పక్క గోడ చురుగ్గా కదులుతోంది. ఇంకో పక్క గోడ కదిలీ కదలనట్టు నిలబడి ఉంది. నాకేమీ తెలియకపోయినా నా కన్ను ఆ కదలని గోడ మీదే ఆగింది.

పరీక్ష అయ్యాక డాక్టరు బయటికొచ్చి "మగవాళ్లెవరున్నారు?" అని అడిగాడు. తమ్ముడు పోయాడు. కాసేపటికి తిరిగొచ్చి నాయిన మంచం పక్కన నిలబడి "ఏం లేదు నాయినా, మంచిగనే ఉన్నదట," అన్నాడు. అంటున్నప్పుడు వాడు చూసింది నాయిన మొహం కాదు, సెలైను సీసా.

బయట టీ కొట్టు దగ్గర వాడిని పట్టుకున్నాను.

"నిజం చెప్పు."

"పంపింగ్ ముప్పై ఐదేనట అక్కా. మంచిగున్న మనిషికి యాభై ఐదు, అరవై ఉంటదట. గుండె ముందలి గోడ దెబ్బతిన్నదట. నాయినకు చెప్పొద్దన్నరు."

"ఎవరన్నరు? డాక్టరా, నువ్వా?"

"ఇద్దరమనుకున్నం."

మా దిక్కు ఇది ఆనవాయితీ. రోగం ఎవరిదో వాళ్లకు తప్ప మిగతా అందరికీ చెప్తారు. టీ కొట్టాయనకు చెప్తారు, పక్క మంచం వాళ్లకు చెప్తారు, మోమిన్‌పేట్ నుంచి చూడడానికొచ్చిన మేనత్త కొడుక్కు చెప్తారు. పడుకున్నాయనకు మాత్రం గ్యాసు పట్టిందంటారు. నాకు ఈ పద్ధతి మీద కోపమే గానీ ఆ రోజు నేను చేసిందీ అదే. లోపలికి పోయి, నాయిన చెయ్యి పట్టుకుని, "ఏం ఫికర్ లేదు నాయినా, నీ గుండె గుండ్రాయి లెక్క ఉన్నదట," అన్నాను. నాయిన నా మొహంలోకి చూశాడు. సంతలో గొర్రె నోరు తెరిచి పళ్లు చూసేటప్పుడు ఆయన చూపు అట్లాగే ఉంటుంది.

అక్కడి నుంచి హైదరాబాద్ తీసుకుపోయి, మూసుకున్న నాళంలో స్టెంట్ వేయించాం. ఇంటికి పంపేటప్పుడు అక్కడి పెద్ద డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. గుండెపోటు వచ్చిన కొత్తలో కండరం కొంత మొద్దుబారిపోయి ఉంటుందట, కదలనిదంతా చచ్చిందని కాదట. గోలీలు మానకుండా వాడి, రెండు మూడు నెలలాగి మళ్లీ ఎకో తీస్తే ఏది తేరుకుంది, ఏది ఇక లేవదు అన్నది తేలుతుందట. అప్పటిదాకా గొర్ల వెంట పోవద్దన్నాడు. ఆ తర్వాత పోవచ్చా లేదా అన్నది ఆ రెండో ఎకో చూసి చెప్పాలన్నాడు.

అంటే అంతా ఆ రెండో ఎకో మీద ఆగింది. గొర్లుంటాయా, పోతాయా. నాయినకు గొర్లంటే జరుగుబాటు ఒక్కటే కాదు. ఆయన మాట్లాడేది వాటితోనే. మాతో మాట్లాడేటప్పుడు కూడా చూపు వాటి మీదే ఉంటుంది. నా పెళ్లిలో అప్పగింతలప్పుడు ఆయన కనిపించకపోతే వెతికారు. దొడ్డిలో ఈనుతున్న గొర్రె దగ్గర దొరికాడు. గొర్లు లేకుండా ఆ మనిషిని మంచంలో కూర్చోబెడితే ఎన్నాళ్లుంటాడన్నది మా అందరికీ తెలుసు. గొర్ల వెంట పంపితే ఎన్నాళ్లుంటాడో మాత్రం ఎవరికీ తెలీదు.

అప్పటి నుంచి అమ్మ మందను తోలుకుపోవడం మొదలుపెట్టింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. సాయంత్రం వచ్చి దొడ్డి గోడకు చేరగిలబడి కూర్చుంటే మళ్లీ లేవడానికి ఇద్దరు పట్టుకోవాలి. నేను ఆదివారం ఆదివారం వికారాబాద్ నుంచి పోయేదాన్ని. పోయిన ప్రతిసారీ ఆ ఇంట్లో ఏదో తేడాగా కనిపించేది.

మొదటి తేడా తమ్ముడు. వాడు ఫోనొస్తే లేచి వాకిట్లోకి పోతున్నాడు. ఒకసారి తలుపు చాటున నిలబడి విన్నాను. "ఎకో రానీ అన్నా, అయినంక చూద్దాం," అంటున్నాడు. ఎవడురా అంటే చెప్పడు. తర్వాత అమ్మ నోటి నుంచి తెలిసింది, వాడు గొర్ల దలాల్. అంతే, నాకు తాండూరు సంగతి మొత్తం కళ్లకు కట్టింది. మంద అమ్మించడానికే వీడు పంపింగ్ తక్కువ చెప్పించాడు. డాక్టరు వీడికి తెలిసినవాడే అయుంటాడు. ఆ తెర మీద కదలని గోడను నా కళ్లతో నేనే చూశానన్న సంగతి కూడా నాకు అడ్డు రాలేదు. అనుమానం బలంగా ఉన్నప్పుడు కళ్లతో చూసింది కూడా ఎవరో చూపించిందే అనిపిస్తుంది.

"మందను అమ్ముకోవాలని చూస్తున్నవ్ కదా?" అని మొహం మీదే అడిగాను.

"అవ్," అన్నాడు వాడు, ఏ మాత్రం తడబడకుండా. "అమ్మ కాళ్లు చూసినవా? నేను నౌకరి ఇడిసిపెట్టి గొర్ల ఎంట పోవాల్నా? నువ్వు బడి ఇడిసిపెట్టి వస్తవా?"

వాడి మాట న్యాయంగా కనిపించేసరికి వాడి మీద అనుమానం ఇంకా పెరిగింది.

రెండో తేడా నాయిన. ఆయన మంచివాడైపోయాడు. జీవితంలో ఎన్నడూ పెట్టిన కూరకు వంక పెట్టకుండా తినని మనిషి, ఉప్పు లేని చారు పోసినా "బాగుంది" అంటున్నాడు. గోలీలు వేసుకో నాయినా అంటే వెంటనే చెయ్యి చాపుతున్నాడు. నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, "అయిపోయింది" అని నోరు తెరిచి చూపిస్తున్నాడు. చూపించమని ఎవరడిగారు? అడగకుండా చూపించేవాడి దగ్గరే కదా ఏదో ఉండేది.

ఇంకోటి కనిపెట్టాను. గోలీలు వేసుకోగానే ఆయన దొడ్డి వెనక్కి పోతున్నాడు. ఒంటికి పోతున్నాడులే అనుకోవచ్చు. నేను అనుకోలేదు. బీడీ తాగుతున్నాడనుకున్నాను. తిరిగొచ్చాక భుజం మీద తువ్వాల సర్దుతున్నట్టు దగ్గరికి పోయి వాసన చూశాను. గొర్ల వాసన తప్ప ఇంకేమీ రాలేదు. ఇంకో ఆదివారం దొడ్డి వెనక నేలంతా వెతికాను, బీడీ ముక్క దొరకలేదు. గోలీల డబ్బా తీసి రేకులు చూశాను. ఎన్ని ఖాళీ కావాలో అన్నీ ఖాళీ అయ్యాయి. ఇక ఆ దిక్కు నుంచి మనసు తీసేసి మళ్లీ తమ్ముడి మీదే పెట్టాను. గోలీలు తెచ్చేది వాడే కదా, మంచివే తెస్తున్నాడా అని ఒక రేకు బ్యాగులో వేసుకుని వికారాబాద్ తెచ్చి మెడికల్ షాపులో చూపించాను. మంచివేనట. షాపతను నన్నే అదోలా చూశాడు.

ఎకో రోజు దగ్గరపడింది. ఈసారి తాండూరు వద్దన్నాను. వికారాబాద్‌కు వారానికోసారి హైదరాబాద్ నుంచి గుండె డాక్టరమ్మ వస్తుంది. ఆమె దగ్గరే తీయిద్దామన్నాను. తమ్ముడు సరేనన్నాడు. అంత తొందరగా సరేనన్నాడేమిటని ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.

ఆ రోజు నాయిన ఉతికిన ధోతీ కట్టుకుని, గడ్డం గీయించుకుని వచ్చాడు. బస్టాండు నుంచి క్లినిక్ దాకా నడిచే దారిలో ఆగి ఆగి నడిచాడు. ఆగిన ప్రతిసారీ ఏదో ఒక దుకాణం వైపు చూస్తూ నిలబడ్డాడు, అందులో ఏదో కొనేటట్టు. చివరికి చీరల దుకాణం ముందు కూడా ఆగాడు.

"ఆయాసమొస్తున్నదా నాయినా?"

"ఏం లేదు బిడ్డా. చీరలు మంచిగున్నయి."

లోపల చీకటి గదిలో ఆయనను పక్కకు తిప్పి పడుకోబెట్టింది డాక్టరమ్మ. ఒంటికి తీగల బిళ్లలు అతికించి, జెల్లు రాసి, పరికరం పెట్టింది. నన్ను గదిలోనే ఉండనిచ్చింది. మళ్లీ అదే విసనకర్ర వెలుగు. నేను ముందే ఆ పాత గోడను వెతుక్కున్నాను. అది అట్లాగే ఉంది, కదలకుండా. ఈసారి మిగతా గోడలు కూడా నీరసంగా కనిపించాయి. ఆమె ఏదో మీట నొక్కితే తెర మీద ఎరుపు, నీలం రంగులొచ్చాయి. రక్తం ముందుకు పోవలసిన చోట కొంత వెనక్కి కారుతోందని ఆ రంగుల్లో చూపించింది. తెర కింద గుండె కొట్టుకునే గీత గబగబా పరుగెత్తుతోంది.

"ముప్పై కూడా లేదు," అంది.

పెరగాల్సింది తగ్గిందా? నోరు తెరిచి ఏమడిగానంటే, ఇప్పుడు తలుచుకుంటే నాకే ఆశ్చర్యంగా ఉంటుంది, "మేడమ్, మీ మిషన్ మంచిదేనా?" అని అడిగాను.

ఆమె కోప్పడలేదు. ఇద్దరు డాక్టర్లు కొలిస్తే అంకె కాస్త అటూ ఇటూ అవుతుందని, కానీ ఇది అంకె సంగతి కాదని చెప్పింది. నాయిన కాలి మడమ దగ్గర వేలితో నొక్కింది. సొట్ట పడి అట్లాగే ఉండిపోయింది. అంత వాపుంటే ధోతీ అంచు కిందకు కట్టుకుని నా కంటపడకుండా దాచాడు. ఆమె మళ్లీ తెర కింద పరుగెత్తే గీతను చూసింది. నాయిన వైపు తిరిగింది.

"పెద్దాయనా, మీకు రాసిన గోలీల్లో గుండె వేగం తగ్గించేది ఒకటుంది. అది వేసుకునేవాళ్ల గుండె పడుకుని ఉన్నప్పుడు ఇంత ఉరకదు. గోలీలు వేసుకుంటున్నారా?"

"నా ముందరే వేసుకుంటున్నడు మేడమ్," అన్నాను నేను.

నాయిన లేచి కూర్చున్నాడు. జెల్లు తుడుచుకోకుండానే నడుముకు కట్టిన గుడ్డసంచి విప్పి, అందులోంచి చిన్న మూట తీసి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాడు. విప్పితే గోలీలు. కొన్ని కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి, కొన్నిటికి రంగు పోయింది. బుగ్గన పెట్టుకుని, దొడ్డి వెనక్కి పోయి ఉమ్మేసి, ఎండబెట్టి దాచినవి. పారేయడానికి మనసొప్పలేదట.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంట్లో ఉన్నవాళ్లందరినీ అనుమానించాను, మెడికల్ షాపతన్ని కూడా వదల్లేదు. దొంగ మాత్రం నా ఎదురుగా కూర్చుని నీళ్లు తాగి నోరు తెరిచి చూపించాడు. కొట్టాలన్నంత కోపమొచ్చింది. కోపం కింద భయం.

"ఎన్ని దినాల సంది నాయినా?"

"నెల దినాలైతుండొచ్చు. ఎకో దగ్గరికొచ్చిందన్నకాంచి."

"ఎందుకు?" అని అడిగింది డాక్టరమ్మ.

నాయిన ఆమెకు చెప్పిన తీరు, బడిలో నేను పిల్లలకు లెక్క చెప్పినట్టే ఉంది. ఏ మాత్రం తప్పు చేసినట్టు లేదు.

"గొర్రెకు సూది ఏసినంక అప్పుడే సంతకు తోలమమ్మా. సూది బలంతోని నాలుగు దినాలు కండ్లు మెరుస్తయి, ఎగుర్తది, దుంకుతది. కొనేటోడు గది చూసి మోసపోతడు. ఇంటికి తోల్కపోయినంక అది పండుకుంటది. గందుకే సూది బలం దిగినంకనే జీవాన్ని చూపియ్యాలె. మా తాతలకాంచి గదే పద్ధతి. గట్లనే నేను గూడ గోలీల బలం దింపుకుని వచ్చిన. ఉన్న గుండె ఉన్నట్టు చూడుండ్రి."

డాక్టరమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది. నాయిన ఇంకా చెప్తున్నాడు.

"గోలీల మీద ఉరికే గుండెను చూసి మీరు పో అంటరు. నేను గొర్ల ఎంట పోత. నాలుగు దినాలు ఇంటికి రాని కాడ గోలీలు అయిపోతయి. అప్పుడు నాదేంగతి, గొర్లదేంగతి?" నా వైపు చెయ్యి చూపించాడు. "ఇగ ఈళ్లు నాకు నిజం చెప్తలేరు. అందరొచ్చి మంచిగుంది మంచిగుంది అంటరు. నా బిడ్డయితే గుండ్రాయి లెక్క ఉన్నదంటది. గుండ్రాయి కొట్టుకుంటదా? గీ మిషనొక్కటే నిజం చెప్తదనుకున్న."

నేను ఆయన్ని కనిపెడుతున్నానని మురిసిపోతున్న ఆ నెలలన్నీ ఆయన నన్ను కనిపెడుతున్నాడు. ఈ గుణం నాకెక్కడి నుంచి వచ్చిందా అని ఎన్నడూ ఆలోచించలేదు. ఆ చీకటి గదిలో తెలిసింది.

"పెద్దాయనా," అంది డాక్టరమ్మ, గొంతు తగ్గించి, "నేను కొనడానికి రాలేదు. మీరిక జీవితాంతం గోలీలతోనే ఉంటారు. గోలీలతో మీ గుండె ఎట్లా ఉంటుందో చూడడానికే ఈ పరీక్ష. గోలీలు మానిన గుండెను చూపించి మీరు నాకు నిజం చూపించలేదు, మీకు మీరు హాని చేసుకున్నారు. స్టెంటులో రక్తం గడ్డ కట్టి ఉంటే బస్సు దిగేవాళ్లు కాదు."

నాయిన తల వంచుకున్నాడు. అప్పుడు మాత్రం ముసలివాడిలా కనిపించాడు.

గోలీలు మళ్లీ మొదలయ్యాయి, ఇంకో రెండు కలిశాయి. ఈసారి ఆయన మింగేదాకా అమ్మ ఎదురుగా కూర్చుని మాట్లాడించేది. నోట్లో గోలీ ఉన్నవాడు మాట్లాడలేడు కదా. వాపు తగ్గింది. ఆయాసం తగ్గింది. కూరలో ఉప్పు లేదని మళ్లీ తిట్టడం మొదలుపెట్టాడు, అది విని నేను వంటింట్లో నవ్వుకున్నాను. కొన్ని వారాలాగి మళ్లీ ఆ డాక్టరమ్మ దగ్గరికే పోయాం, నాయిన, నేను, తమ్ముడు.

ఎకో అయ్యాక ఆమె అలవాటు ప్రకారం, "ఆయనను బయట కూర్చోబెట్టి రండి, మాట్లాడదాం," అంది.

తమ్ముడు నాయిన రెక్క పట్టుకోబోయాడు. నేను ఆపాను. "వద్దు మేడమ్. ఏదున్నా ఆయన ముందరే చెప్పండి."

ఆమె తెరను నాయిన వైపు తిప్పింది. ఆపి ఉంచిన బొమ్మను కదిలించింది. "ఇవి చూడండి, ఈ గోడలు మంచిగా తేరుకున్నాయి. పంపింగ్ నలభై దాటింది. ఇదిగో, ఈ ముందు గోడ, ఈ కొస దగ్గర. ఇది ఇక లేవదు. మచ్చ కట్టింది."

నాయిన తెరకు దగ్గరగా వంగి చాలాసేపు చూశాడు.

"గుట్టలెక్కచ్చా అమ్మా?"

"నడవండి. చేను గట్ల మీద, ఇంటి చుట్టూ, మెల్లగా. మంద వెంట వద్దు."

"గొర్లు మెల్లగ పోవమ్మా. అవి ఎటు పోతే అటు ఉరకాలె."

"అందుకే వద్దంటున్నాను. గోలీలు వేసుకుంటూ ఇంటి దగ్గరుంటే చాలా ఏళ్లు బతుకుతారు. గుట్టల మీద ఉరికితే నేను ఏ మాటా ఇవ్వలేను."

జన్మలో ఆయనకు అంత సూటిగా ఎవరూ ఏమీ చెప్పి ఉండరు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తమ్ముడు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. వాడు సంతోషపడుతున్నాడేమోనని వాడి మొహం చూద్దామని వంగాను. ఏడుస్తున్నాడు.

బస్సులో నాయిన కిటికీ పక్కన కూర్చున్నాడు. ఊరు దగ్గరికొచ్చాక నా వైపు తిరిగాడు.

"గా డాక్టరమ్మతోని నువ్వే ముందుగాల చెప్పిచ్చినవా?" అని అడిగాడు.

"తెర నువ్వే చూసినవ్ కద నాయినా."

"చూసిన," అన్నాడు. "గా గోడ పండుకున్నది. అమ్మేద్దాం," అన్నాడు.

తమ్ముడి దలాల్‌ను మాత్రం గడప తొక్కనివ్వలేదు. కర్ణాటక దిక్కు నుంచి ఒకాయన వచ్చాడు, తానూ గొర్లు కాసేవాడే. మా దొడ్డిలోకి దిగుతూనే ఆయన కళ్లు చిన్నవయ్యాయి. మందలో సగం సూడి గొర్లు, ఇంకొన్ని రోజుల్లో ఈనేవి. బుద్ధున్న వాడెవడూ ఈనే ముందు మందను అమ్మడు. ఆయన ఒక్కో గొర్రె దవడ పట్టి నోరు తెరిచాడు, నాలుక నీలం తిరిగిందేమోనని చూశాడు, తోక ఎత్తి చూశాడు, చెవి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. "ఏనో అద," అని తనలో తను గొణుక్కున్నాడు. ఇందులో ఏదో ఉంది అని. ఆ మనిషి నాకు వెంటనే నచ్చాడు.

"మంచి గొర్లు," అన్నాడు వచ్చీరాని తెలుగులో. "మంచి గొర్లు ఈనే ముందల ఎందుకు అమ్ముతున్నరు? రోగం తాకిందా మందకు?"

లేదని తమ్ముడు అన్నాడు. అమ్మ దేవుడి మీద ఒట్టేసింది. ఒట్టు విన్నాక ఆయన ఇంకో గొర్రె నోరు తెరిచాడు. నేనైనా అదే చేసేదాన్ని.

నాయిన లోపలికి పోయాడు. తిరిగొచ్చినప్పుడు చేతిలో ఆసుపత్రి కవరుంది. అందులోంచి ఎకో బొమ్మలున్న కాగితం తీసి, గొర్ల మధ్యలోంచి నడిచి పోయి, ఆయన ముందు ఎండకు ఎత్తి పట్టుకున్నాడు.

"రోగం గొర్లకు లేదు, నాకున్నది. ఇగో, గిది నా గుండె. గీ కొసకున్న గోడ సచ్చిపోయింది. మంద ఎంట పోవద్దన్నరు. గందుకే అమ్ముతున్న."

ఆయన గొర్రె దవడ వదిలేశాడు. చేతులు ధోతీకి తుడుచుకుని కాగితాన్ని రెండు చేతులా అందుకున్నాడు. అందులో ఆయనకేం అర్థమైందో తెలీదు. బొమ్మను చూశాడు, నాయిన ఛాతీ వైపు చూశాడు, మళ్లీ బొమ్మను చూశాడు.

"గిది గోలీలు ఏసుకున్నంక తీసింది," అన్నాడు నాయిన. "ఏసుకోకుంటే ఇంకా తక్కువుంటది. ముందే చెప్తున్న."

ఆ తర్వాత ఆ మనిషి ఏ గొర్రె నోరూ తెరిచి చూడలేదు. బేరం కుదిరి గొర్లను తోలుతుంటే నాయిన తలగుడ్డ విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, మంద దొడ్డి దాటి పోయేదాకా తీయలేదు.